సీమపనస చెట్టుకు కట్టిన ఆకు

మా ఇల్లు అడవి అంచున ఉంది. వాకిట్లో సీమపనస పండితే గబ్బిలాలు కొన్ని తినేవి, మిగతావి మా బావమరిది కల్మెట్ తినేవాడు. గబ్బిలాలనైతే ఉండేలుతో కొట్టేవాణ్ణి. బావమరిదిని కొట్టడానికి మా ఆవిడ ఒప్పుకోదు.

ఆ ఏడు మా అమ్మాయి లేమారాకు కొడుకు పుట్టాడు. పేరు పెట్టే విందు మా ఇంట్లో. మా చెట్టు కాయలు కోరి, ఆకుల్లో చుట్టి, కాల్చిన రాళ్ల మీద లాప్‌లాప్ వండిపెట్టాలి. విందు బాగుంటే పిల్లాడికి నా పేరు పెడతానని వియ్యంకుడు ముందే అన్నాడు. నాకు అంతకంటే ఏం కావాలి?

అందుకని ఊరిపెద్ద కల్తక్ చేత చెట్టుకు నమెలె ఆకు కట్టించాను. అది కట్టాక ఎవరూ ముట్టకూడదు. విప్పాలంటే పెద్దకు పంది ఇవ్వాలి. కల్మెట్ ఏదో సందు వెతుకుతాడని, చెట్టునే కాదు, చెట్టు మీదున్న దేన్నీ ముట్టకూడదు, రాయి కూడా విసరకూడదని నేనే చెప్పించాను.

వారం తిరిగేసరికి అడవిలోని గబ్బిలాలన్నీ వచ్చి మా చెట్టుకే వేలాడాయి. పట్టపగలు కూడా కదలవు. ఉండేలు తీశాను. కల్మెట్ కొబ్బరి కోరుతూ, తలెత్తకుండా అన్నాడు.

"రాయి కింద పెట్టు బావా. అవి చెట్టు మీదున్నాయి."

"కాయలన్నీ తినేస్తున్నాయిరా."

"తిననీ. ఆకు సంగతి వాటికి తెలీదు. నీకు తెలుసుగా."

విందు నాలుగు రోజుల్లో ఉంది. విందుకని మేపిన పందిని తోలుకెళ్లి పెద్దకిచ్చాను. ఆకు విప్పాడు. చెట్టెక్కి చూస్తే ఒక్క కాయ లేదు, కొరికి వదిలేసిన తొడిమలున్నాయి. పంది పోయింది, కాయలు పోయాయి. ఇక పరువొక్కటే మిగిలింది, అదీ నాలుగు రోజులే.

పొద్దుగూకే వేళ గబ్బిలాలు చెట్టు వదిలి లేచే దారిలో కల్మెట్ వల కట్టాడు. మూడు రోజుల్లో అరవై దాకా పట్టాడు. కాయలు తిని కొవ్వెక్కి ఉన్నాయి. కొబ్బరిపాలు పోసి వండించాం.

వియ్యంకుడు రెక్క ఎముక చీకుతూ అన్నాడు. "పంది ఎవరైనా పెడతారు బావగారూ. గబ్బిలాలను ఇంత బాగా మేపి పెట్టిన ఇల్లు నేను చూళ్లేదు. ఎవరు పట్టారు?"

నేను నోట్లోది మింగేలోపు మా ఆవిడ చెప్పేసింది. "మా తమ్ముడండీ."

పిల్లాడికి అక్కడికక్కడే కల్మెట్ అని పేరు పెట్టారు. మంచి పేరని నేనూ అన్నాను. అందరూ నావైపే చూస్తున్నారు మరి.