డెమో క్లాసులో ఉదాహరణ

సకల జనుల సమ్మెకు బస్సులు ఆగిపోయిన రోజుల్లోనూ సంధ్యారాణి ఇంగ్లిష్ క్లాసు మానలేదు. ఆమె ఎల్బీనగర్‌లో ఒక చీరల షాపులో పనిచేసేది. ఇంగ్లిష్ వస్తే బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చోబెడతానన్నాడు యజమాని. పొద్దున్నే మీర్‌పేట్ నుంచి షేర్ ఆటోలో దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, క్లాసు అయ్యాక షాపుకు వెళ్లేది.

మొదటి వారంలో మహేందర్ సార్ ఆమెను తన పని గురించి చెప్పమన్నాడు.

"పొద్దంత నిలవడి నిలవడి ఐ యామ్ బోరింగ్ సార్" అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. సార్ వాళ్లను గదిమాడు. అందరూ వెళ్లాక ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు.

"బోరింగ్ అంటే విసుగు పుట్టించే మనిషివని అర్థం అక్కా. నీకు విసుగు పుడితే బోర్డ్ అనాలె. పుట్టించేదానికి ఐఎన్‌జీ, పుట్టినోళ్లకు ఈడీ. గంతే. నాది గూడ మీ నల్లగొండనే. నా ముంగట తప్పు మాట్లాడనీకి సిగ్గుపడకు."

ఆ మాట ఆమెకు కొండంత ధైర్యమిచ్చింది. ఇంట్లో భర్త ముందు కూడా పలకని ఇంగ్లిష్‌ను సార్ ముందు తప్పులతోనే మాట్లాడేది. టైర్డ్‌కూ టైరింగ్‌కూ తేడా మెల్లగా పట్టుబడింది.

ఒక ఆదివారం కాస్త ముందుగా వచ్చింది. లోపల కొత్తవాళ్లకు డెమో క్లాసు నడుస్తోంది. నవ్వులు మెట్ల దాకా వినిపిస్తున్నాయి. తలుపు దగ్గరికి వెళ్లి చూసింది. సార్ భుజం మీద లేని కొంగును సర్దుకుంటూ, మెడ వంచి, గొంతు సాగదీసి, "పొద్దంత నిలవడి నిలవడి ఐ యామ్ బోరింగ్ సాఆర్" అంటున్నాడు.

"మీర్‌పేట్ నుంచి ఒకామె వస్తది. పాపం, నిజమే చెప్పింది!"

గది ఘొల్లుమంది.

తల తిప్పిన సార్‌కు ఆమె కనిపించింది. గబగబా బయటికి వచ్చాడు.

"పేరు చెప్పలే గదక్కా. జర నవ్విస్తెనే కొత్తోళ్లు చేరుతరు."

"పేరొక్కటే ఇడిసిపెట్టిన్రు సార్. నా గొంతు, నా మాట అందరికి ఆడి చూపెట్టిన్రు. వేరేటోళ్లు నవ్వితే ఇంత బాధ గాకపోవు. మనోళ్లని నమ్మిన."

ఆమె మెట్లు దిగిపోయింది.

మళ్లీ ఆ క్లాసుకు వెళ్లలేదు. కౌంటర్ పని కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చారు. దానికి ఆమె పెద్దగా బాధపడలేదు. కానీ ఎవరైనా చీర ధర అడిగితే, చెప్పబోయే తెలుగు మాటను కూడా ముందు లోపల అనుకుని చూసుకోవడం మొదలైంది.

ఒక సాయంత్రం ఆటోలో ఇంటికి వెళ్తుంటే తన వీధి వచ్చింది. "జర ఆపు అన్నా" అనబోయి, పక్కన కూర్చున్న కాలేజీ పిల్లలను చూసి నోరు మూసుకుంది. ఆటో ముందుకు వెళ్లిపోయింది. వాళ్లు దిగిన చోటే తనూ దిగి, వెనక్కి నడిచింది.