పళ్ళెం మాయమైన చోటు

ఒకే సరస్సు గురించి రెండు వార్తలు వచ్చి ఆవిడ బల్ల మీద పడ్డాయి. నీళ్ళు మునుపెన్నడూ లేనంత మసకగా ఉన్నాయని మొదటిది. ఎంతో తేటగా ఉన్నాయని రెండోది. రెండూ ఒకే వారం కొలతలు, ఒకే సంస్థ వాళ్ళు కొలిచినవి. పైగా మొదటి కాగితం రాసింది ఆవిడ కట్టుకున్న మొగుడు. ఆవిడ రెండు కాగితాలనీ పక్కపక్కన పెట్టి, వాటిలో ఏదో ఒకటి సిగ్గుపడి తప్పుకుంటుందేమో అన్నట్టు కాసేపు చూసింది. ఏదీ కదల్లేదు.

మంచినీటి సరస్సుల పరిశోధన సంస్థలో వార్తలు రాయడం ఆవిడ పని. శాస్త్రవేత్తలు తమలో తాము మాట్లాడుకునే భాషని మామూలు మనుషుల భాషలోకి దించి నెలనెలా ఊరికి పంపాలి. అందుకే ఆఫీసులో అందరూ ఆవిడని వార్తలమ్మ అంటారు. ఆయనకైతే పళ్ళెం సారు అన్న పేరు పెళ్ళికి ముందే ఉంది. ఆవిడ పెళ్ళి చేసుకున్నది మనిషినో పళ్ళేన్నో ఇప్పటికీ తేలలేదని ఆఫీసులో పాత హాస్యం.

ఆ పళ్ళెం సంగతి చెప్పాలి. నలుపూ తెలుపూ రంగులు వేసిన ఇనుప బిళ్ళ అది. కొలత గుర్తులున్న తాడు కట్టి, పడవ మీంచి నీళ్ళలోకి దించుతారు. అది ఎంత లోతున కంటికి ఆనకుండా పోతుందో అంత మేరకు నీళ్ళు తేట అన్నమాట. ఇంతకంటే తేలికైన పరికరం లోకంలో లేదు, ఇంతకంటే నియమాలున్న పరికరమూ లేదు. మిట్ట మధ్యాహ్నమే చూడాలి. పడవకి నీడ పడే వైపే చూడాలి. ఎప్పుడూ ఒకే మనిషి చూడాలి, ఎందుకంటే ఇక్కడ అసలు పరికరం పళ్ళెం కాదు, కన్ను. తాడు పట్టుకున్నవాళ్ళు నీళ్ళలోకి తొంగిచూడకూడదు, నోరెత్తకూడదు. చూసే మనిషి "మాయం" అనగానే, తాడు నీటిని తాకే చోట బట్టల క్లిప్పు పెట్టాలి, అంతే. ఈ నియమాలన్నీ పళ్ళెం సారే పెట్టాడు. ముప్ఫయ్యేళ్ళ పైబడి ఆ కన్ను ఆయనదే.

ఆ కొలతలన్నీ కలిపి గీసిన గీత సంస్థ నడవాలో గోడ పొడుగునా ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి ముందు గీతని చూపించి, తర్వాతే వాళ్ళ గది చూపిస్తారు. ఈ ఏడాది ఆఖరున ఆయన రిటైరవుతున్నాడు. ఆయన జీవితమంతా ఆ గీతే. ఆ గీత కొన్నేళ్ళుగా కిందికి జారుతోంది. సరస్సు పాడైపోతోందన్న దిగులుతో ఆయన కూడా జారిపోతున్నాడు, అన్నం దగ్గర కూర్చుని పలకడం లేదు.

రెండో కాగితం సీసాల పిల్లది. నీళ్ళని సీసాల్లో పట్టుకొచ్చి కొత్త యంత్రంలో పెట్టి చూసే అమ్మాయికి ఆ పేరు పడిపోయింది. ఈ ఏడాదే వచ్చిన ఆ యంత్రం, నీళ్ళలో పిసరంత బురద కూడా లేదని ప్రతిసారీ చెబుతోంది.

"మేడమ్, తప్పు నాదే అయ్యుంటుంది. సీసాలన్నీ మళ్ళీ కడిగాను. యంత్రాన్ని కూడా విప్పించి బిగించాను. అయినా అదే చెప్తోంది" అంది అమ్మాయి, ఏడుపొక్కటే తక్కువగా.

"నీ తప్పని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. కానీ సారు కొలత తప్పవదు కదా."

సంస్థలో అందరి మాటా అదే. కాబట్టి పళ్ళెమూ నిజమే, యంత్రమూ నిజమే అయ్యేలా తలకో సిద్ధాంతం పుట్టింది. యంత్రానికి చిక్కనంత సన్నటి దుమ్మేదో నీళ్ళలో ఉందని చేపల శాస్త్రవేత్త అన్నాడు. చేపలు మాత్రం దుమ్ము ఊసే లేకుండా నిక్షేపంగా ఉన్నాయి. నీళ్ళు పొరలు పొరలుగా విడిపోయి ఉంటాయని ఒకరు, ఆకాశంలో మబ్బు మారిందని ఇంకొకరు. డైరెక్టరు ఇవన్నీ శ్రద్ధగా విని అన్నిటికీ తల ఊపాడు. తల ఊపడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఊపి, ఆవిడ గదికి వచ్చాడు.

"రేపు సాయంత్రానికి వార్త వెళ్ళాలమ్మా. ఊరంతా తాగేది ఈ నీళ్ళే. పాడవుతున్నాయని మనం చెప్తే సరఫరా ఆపేస్తారట. బాగున్నాయంటే అలాగే వదులుతారు."

"ఏమని రాయమంటారు?"

"ఉన్నది రాయండి" అని చక్కా పోయాడు.

ఉన్నదేమిటో తెలిస్తే ఆవిడ ఇంతసేపు జుట్టు పీక్కుంటుందా? 'సరస్సు ప్రమాదంలో' అని శీర్షిక పెట్టి కొట్టేసింది. 'సరస్సు క్షేమం' అని పెట్టి అదీ కొట్టేసింది. 'సరస్సు గురించి కొన్ని సందేహాలు' అని పెట్టి తనమీద తనకే చిరాకేసి కాగితం ఉండ చుట్టింది. ఆవిడ భయం సరస్సు గురించి ఒక్కటే కాదు. ఆయన మాట నమ్మి ఊరికి నీళ్ళు ఆపేశాక అది తప్పని తేలితే, ఇన్నేళ్ళ ఆయన పేరు రిటైరయ్యే ఏడాదిలో మట్టి కొట్టుకుపోతుంది. అలాగని యంత్రం మాటే రాస్తే, కట్టుకున్న పెళ్ళామే ఆయన కొలతని చెత్తబుట్టలో వేసినట్టవుతుంది. ఎటు తిరిగినా దెబ్బ ఆయనకే.

ఇంటికెళ్ళి ఆయన్నే కదిపి చూసింది.

"ఏమండీ, ఆ అమ్మాయి యంత్రం అలా ఎందుకంటోంది?"

"యంత్రాన్నే అడుగు" అన్నాడాయన, పేపరుని దీపం దగ్గరికి జరుపుకుంటూ. "ఈ బల్బు ఏమిటింత గుడ్డిగా ఉంది?"

"మొన్నే మార్చాను. అంతకు ముందు నెలా మార్చాను. ఇంకా పెద్దది పెడితే పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకుంటారు."

"పేపరువాళ్ళ అచ్చు కూడా పాడైంది. లోకంలో ఏదీ మునుపటిలా లేదు. సరస్సు కూడా అందులో భాగమే."

ముసలితనం వస్తే ఇంత సణుగుడు మామూలే అనుకుంది ఆవిడ. అంతకు మించి అనుకోవడానికి కారణమూ లేదు. గట్టు మీద నిలబడి దూరాన ఎగిరే పిట్టని రెక్క విసురుని బట్టి ఫలానా అని చెప్పేసే మనిషి ఆయన. ఆయన చెప్పాడంటే జనం రాసుకుంటారు గానీ నిజమా అని అడగరు.

"రేపు నేనూ పడవలో వస్తాను" అంది.

"నువ్వెందుకు?"

"రాసేదాన్ని నేను. చూసి రాస్తాను."

"రా. కానీ నోరెత్తకూడదు" అన్నాడు. అది ఆయన నియమం. ఇంట్లో ఆ నియమం ఏనాడూ చెల్లలేదు గనక పడవలోనైనా చెల్లించుకుందామని ఆయన ఆశ.

మర్నాడు మధ్యాహ్నం గాలి లేదు. ముగ్గురూ పడవలో వెళ్ళారు. సీసాల పిల్ల తాడు పట్టుకుంది. ఆయన నీడవైపు అంచున మోకాళ్ళ మీద వంగాడు. ఆవిడ ఆయన వెనకే కూర్చుంది. పళ్ళెం చప్పుడు లేకుండా నీళ్ళలోకి దిగింది. తాడు జారుతూ ఉంటే అమ్మాయి నియమం ప్రకారం ఆకాశం వైపు చూస్తోంది.

"మాయం" అన్నాడాయన. అమ్మాయి క్లిప్పు పెట్టింది. "చూశావా? పోయినసారి కంటే ఇంకా పైకొచ్చింది" అని ఆయన ఎవరో పోయినట్టు గొంతు తగ్గించి అన్నాడు.

ఆవిడ ఆయన భుజం మీంచి వంగి చూసింది. పచ్చటి నీళ్ళలో పళ్ళెం శుభ్రంగా కనిపిస్తోంది. నలుపు నలుపుగా, తెలుపు తెలుపుగా. ఆవిడ కళ్ళు నులుముకుంది. చూడ్డం తనకి చేతకావడం లేదేమో, మాయం అంటే ఈ శాస్త్రవేత్తల భాషలో ఇంకేదైనా అర్థముందేమో అనుకుంది. చూసే కొద్దీ తికమక పెరిగింది. పళ్ళెం మాత్రం అక్కడే ఉంది.

"ఏమండీ" అంది.

"నోరెత్తవద్దన్నాను."

"నాకు కనిపిస్తోంది."

ఆయన వెనక్కి తిరగలేదు. "ఏం కనిపిస్తోంది? నీడేమో అది."

"నీడకి రంగులుంటాయా? ఏమ్మా, నువ్వు చూడు."

సీసాల పిల్ల బిక్కచచ్చిపోయింది. ఈ పడవెక్కినప్పటి నుంచి ఆ అమ్మాయి ఒక్కసారి కూడా నీళ్ళలోకి తొంగిచూడలేదు. ఆయన వైపు చూసింది. ఆయన చెయ్యి ఊపాక మెల్లగా వంగింది. వంగి అలాగే ఉండిపోయింది.

"ఉంది సార్" అంది.

ఆయన లేచి ఆ అమ్మాయి చేతిలోంచి తాడు తీసుకున్నాడు. భార్యని తన చోట కూర్చోబెట్టాడు. "మాయమైనప్పుడు చెప్పు. ముందే చెప్పకు, నా మీద జాలిపడి చెప్పకు" అన్నాడు. తాడు వదిలాడు. ఆవిడ ఏమీ అనలేదు. ఇంకాస్త వదిలాడు. ఆయన నీళ్ళ వైపు చూడడం లేదు, ఆవిడ వైపే చూస్తున్నాడు. క్లిప్పు నీళ్ళలో మునిగి లోపలికి పోయింది. ఆయన చేతుల్లోంచి తాడు పోతూనే ఉంది, ఆవిడ నోరు విప్పడం లేదు.

"ఇప్పుడు పోయింది" అంది చివరికి.

ఆయన తాడు మీది గుర్తుని వేలితో తడిమాడు. మళ్ళీ తడిమాడు. కుర్రతనంలో తను మొదటిసారి పళ్ళెం దించిన రోజుల్లో ఉండేంత లోతు అది. "సరస్సు బాగానే ఉందే" అన్నాడు. ఆ మాటతోనే ఆయన కళ్ళవెంట నీళ్ళు కారాయి. అది ఆనందమో అవమానమో ఆవిడకి అర్థం కాలేదు. ఆయనకి మాత్రం అర్థమైందా ఏమిటి.

"కళ్ళ డాక్టరు చెప్పాడు" అన్నాడు కాసేపటికి. "శుక్లాలు మొదలవుతున్నాయి, తీయించుకోమన్నాడు."

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. "ఎప్పుడు చెప్పాడు? నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే తీయించేదానివి. మధ్యలో కన్ను మారిస్తే గీత ఏం కావాలి? పాత కొలత ఒక కన్నుతో, కొత్త కొలత ఇంకో కన్నుతో అయితే రెండిటికీ పొంతనేది? కొంచెం పొరేలే, రిటైరయ్యేదాకా నెట్టుకొద్దామనుకున్నాను. కన్ను దానంతటదే మారుతుందని తోచలేదు."

ఇంత చదువుకున్న మనిషికి ఇంత చిన్న సంగతి తోచలేదంటే ఎవరు నమ్ముతారు? ఆవిడ నమ్మింది. ఆ గీతని ఆయన ఎలా కాపాడుకొచ్చాడో దగ్గరుండి చూసింది గనక నమ్మింది.

"ఇదంతా వార్తలో రాయి" అన్నాడు. "నీళ్ళు బాగున్నాయని రాయి. పాడైంది నా కన్నని కూడా రాయి. దాచకు. గీతలో చెడిపోయిన భాగం కొట్టేయాలి. కానీ ఎక్కణ్ణుంచి కొట్టేయాలో తెలియడం లేదు. డాక్టరు చెప్పేటప్పటికే ఎన్నాళ్ళైందో. సరస్సు ఎక్కడ ఆగిందో నా కన్ను ఎక్కడ మొదలైందో ఎవరు చెప్తారు?"

తాడు చుట్టుకుంటున్న ఆయన్ని చూస్తూ ఆవిడ, కోపం ఎటు తోయాలో తెలియక, "ఇన్నాళ్ళూ నా మొహం ఎలా కనిపించిందో మరి" అంది.

"నువ్వా? మెత్తబడ్డావనుకున్నాను."

"ఏమిటీ?"

"మొదట్లో నువ్వు కోప్పడితే నుదుటి మీద గీతలు పడేవి. తర్వాత గొంతులో కోపం ఉండేది గానీ మొహంలో కనిపించేది కాదు. వయసు మీద పడి నెమ్మదించావనుకున్నాను. మంచిదేలే అనుకున్నాను."

సీసాల పిల్ల నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. ఆవిడకీ నవ్వొచ్చేదే, కానీ ఆయన చెయ్యి తాడు మీద ఆగిపోయింది.

"ఎప్పుడు మొదటిసారి అలా అనిపించింది?" అని తనని తానే అడుగుతున్నట్టు అన్నాడు. "మన అమ్మాయికి కాన్పు అయిన రోజు. ఆస్పత్రికి ఆలస్యంగా వచ్చాను. నువ్వు తిడుతున్నావు, మొహం మాత్రం ప్రశాంతంగా ఉంది."

"ఆ రోజు మిమ్మల్ని కొరికి తినేసేలా చూశాను నేను."

"అయితే అక్కణ్ణుంచే" అన్నాడు. వెతుకుతున్న కొలత దొరికినవాడిలా తల ఊపాడు. "అక్కణ్ణుంచి కొట్టేద్దాం."

పడవ గట్టు వైపు తిరిగింది. ఆవిడ మనసులో వార్త మొదటి వాక్యం పేర్చుకుంటోంది. సగంలో ఆ మాట ఆవిడకి తగిలింది. కాన్పు అయిన రోజు. ఆ రోజు పుట్టిన మనవరాలు ఇప్పుడు బడికి వెళుతోంది. ప్రతి సాయంత్రం వచ్చి ఈయన ఒళ్ళో కూర్చుని కబుర్లు చెబుతుంది.

ఆవిడ ఆయన వైపు చూసింది. ఆయన కూడా అక్కడికే వచ్చి ఆగినట్టున్నాడు, తడి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"రేపే డాక్టరు దగ్గరికి వెళ్దాం" అన్నాడు. తర్వాత, సీసాల పిల్లకి వినపడకుండా, ఇన్నాళ్ళూ మనవరాలిది అచ్చం నీ పోలికే అని అందరిలాగే అంటూ వచ్చిన మనిషి, సిగ్గుపడుతూ అడిగాడు.

"ఎవరి పోలికే అది?"