వెంట వచ్చిన ఖాళీ

పగలంతా పళ్లు నిలబెట్టడం, సాయంత్రం సైకిల్ నిలబెట్టడం. నడివయసు దాటబోతున్న ఆ మనిషి జీవితంలో ఇంతకన్నా చెప్పుకోదగ్గ సంగతులు లేవు. పళ్ల డాక్టర్లు పంపిన అచ్చుల్లో తెల్లపొడి కలిపి పోసి, ఎవరెవరి చిగుళ్లో బల్ల మీద వరసగా ఆరబెట్టుకుని, వాటి మీద మైనంలో ఒక్కొక్క పన్నే నిలబెట్టేవాడు. మనుషులు డాక్టరు దగ్గరికి వెళ్తారు, ఇతని దగ్గరికి నోళ్లు మాత్రమే వస్తాయి. అది అతనికి బాగానే ఉండేది. ఆ నోళ్లు మాట్లాడవు, నొప్పనవు, అతని ముఖంలోకి చూడవు.

షుగరు వచ్చేలా ఉంది, కాస్త ఒళ్లు కదిలించమని డాక్టరు అంటే, నడుద్దామని బయల్దేరి, మూతపడ్డ పెంకుల ఫ్యాక్టరీ ఆవరణ దగ్గర ఆగిపోయాడు. లోపల కొందరు సైకిళ్లతో ఉన్నారు గానీ తొక్కడం లేదు. లారీ సామాను కింద వేసే చెక్క చట్రాల మీంచి సిమెంటు తూముల మీదకీ, తూముల మీంచి బండరాళ్ల మీదకీ, కాలు కింద పెట్టకుండా సైకిల్‌తో సహా దూకుతున్నారు. దాన్ని ట్రయల్స్ అంటారట. నడక కన్నా ఇది నయమనిపించింది, ఎక్కడికీ వెళ్లక్కర్లేదు కాబట్టి. నెల తిరక్కుండా అలాంటి సైకిల్ ఒకటి పాతది కొనుక్కొచ్చాడు. దానికి సీటు లేకపోవడం చూసి అతని భార్య, ఈ ఇంట్లో మీరు కూర్చోకుండా వాడే వస్తువు ఇదొక్కటేనండీ అని సంతోషించింది.

నేర్పేది పగలు గేట్లూ గ్రిల్లులూ వెల్డింగ్ చేసే అమ్మాయి. అతని కన్నా సగం వయసు, రెట్టింపు నోరు. అతన్ని బాబాయ్ అనేది. కదలకుండా సైకిల్ మీద నిలబడటం అతనికి తొందరగానే వచ్చింది. కదలకుండా ఉండటంలో పుట్టుకతో వచ్చిన ప్రావీణ్యం ఉంది. ముందు చక్రం గాల్లోకి లేపి వెనక చక్రం మీద గెంతడమూ వచ్చింది. దూకడం దగ్గర వచ్చింది చిక్కు. రెండు చట్రాల దొంతరల మధ్య మనిషి పట్టేంత ఖాళీ. ఈ దొంతర అంచున వెనక చక్రం మీద నిలబడి, బ్రేకు మీదున్న వేలు వదిలి, అదే క్షణంలో పెడల్ మీద ఒక్క తోపు తోస్తే అవతల వాలతాం. చెప్పుకోవడానికి అంతే. అతని వేలు మాత్రం వదిలేది కాదు. ఇంకొక్క గెంతు గెంతి కాలు సర్దుకుందాం, ఇంకొక్కటి గెంతి ఊపిరి సర్దుకుందాం అని అంచు మీద గెంతుతూనే ఉండేవాడు. ఒళ్లంతా చెమటై, చివరికి దిగిపోయేవాడు. అందుకే అక్కడ అతనికి గెంతులాయన అని పేరు.

"ఒక్కో గెంతుకీ నీ దగ్గరున్న ధైర్యం కాస్త ఒలికిపోతోంది బాబాయ్," అంది వెల్డింగమ్మాయి. "అది అడుగంటాక దూకుదామని చూస్తున్నావు నువ్వు."

మాట పడ్డాడు కాబట్టి ఆ సాయంత్రం దూకాడు. కాదు, సగం దూకాడు. వేలు సగమే వదిలింది. సైకిల్ ముక్కు అవతలి దొంతరకి కొట్టుకుని, అతను ఆ ఖాళీలో పడి, పెడల్ పళ్లు మోకాలి కింద చర్మం చెక్కేశాయి. తన వృత్తి పళ్లే తనని కరిచాయని అందరితో పాటు తనూ నవ్వాడు. ఇంటికి కుంటుకుంటూ వచ్చాడు.

పొద్దున్న లేచి చూస్తే ఆ ఖాళీ వెంట వచ్చేసింది. హాలుకీ వంటింటికీ మధ్య, గచ్చు మీద, అంతే వెడల్పున, అడుగు కనిపించనంత లోతుగా పరుచుకుని ఉంది. లోంచి తడిసిన సిమెంటు వాసన, చల్లటి గాలి. అందరికీ కనిపించేదే గానీ లోతు అతనికొక్కడికే. అతని భార్య తడినేల మీద నడిచినట్టు చీర కొంచెం ఎత్తిపట్టి దాని మీంచే అటూ ఇటూ తిరిగింది, అతని టీ హాల్లోకే తెచ్చిచ్చింది, ఇల్లు ఊడుస్తూ దాని మీద కూడా చీపురు వేసింది. మరక వదలకపోతే ఊరుకుంది.

వెల్డింగమ్మాయికి చెబితే జలుబు గురించి విన్నట్టు విన్నది. జంకిన ఖాళీ అలాగే మనిషి వెంట పోతుందని, కిందటేడు ఒకతనిది మంగలి కుర్చీ ముందు తిష్ఠ వేస్తే జుట్టు భుజాల దాకా పెరిగిందని, ఎంతకీ దూకకపోతే మనిషి మరీ ఎక్కువగా జంకేది ఎక్కడుందో వెతుక్కుని అక్కడికి మారుతుందని చెప్పింది. గెంతులాయన తలూపాడు. తన ఖాళీ ఎక్కడికి మారుతుందో అతనికి అప్పుడే తెలుసు.

అతని అన్నయ్య ఆసుపత్రిలో ఉన్నాడు. ఊపిరితిత్తుల జబ్బు, మందులకి లొంగే దశ దాటింది. జీవితమంతా బస్సు నడిపిన మనిషి. హారన్ అక్కర్లేని గొంతు. చిన్నప్పుడే అమ్మ పోతే, తమ్ముడికి సైకిల్ నేర్పింది ఆయనే, స్కూల్లో తన్నులు తప్పించింది ఆయనే, పెళ్లిచూపుల్లో తమ్ముడి తరఫున మాట్లాడింది కూడా ఆయనే. తమ్ముడు ఆసుపత్రికి రోజూ వెళ్లేవాడు. వెళ్లి, కింద క్యాంటీన్లో వదినని కలిసి, ఎలా ఉందని అడిగి, పళ్ల రసం సీసా ఇచ్చి, రేపు పైకి వస్తానని చెప్పి వచ్చేసేవాడు. రేపు కాస్త మనసు గట్టిపరుచుకుని వెళ్దామనుకునేవాడు. వాళ్లమధ్య గొడవల్లాంటివేం లేవు. ఆయన చిక్కి చిన్నగా అయిపోవడం చూడటం ఇతని వల్ల కాలేదు, అంతే.

ఒకరోజు వంటింటి గుమ్మం దగ్గర గచ్చు మామూలుగా ఉంది. అతను కాలితో తడిమి చూసుకున్నాడు.

"ఇంట్లో లేదండీ," అంది భార్య, కూర తరుగుతూ. "మీ అన్నయ్య దగ్గరికి వెళ్లి ఉంటుంది. మీకన్నా అదే నయం."

ఆ మాట మొహం మీద కొట్టినట్టయింది. ఆ రోజు క్యాంటీన్ దాటి మెట్లెక్కాడు. నిజంగానే అది అక్కడుంది. గది గుమ్మం నుంచి మంచం దాకా, గోడ నుంచి గోడకి. నర్సు మందుల బండిని దాని మీంచి గడగడా తోసుకుపోతోంది. అవతలి ఒడ్డున మంచం, మంచంలో దుప్పటి, దుప్పటి కింద ఉండాల్సినంత మనిషి లేడు. ముక్కులో గొట్టాలు. బుగ్గలు లోపలికి పోయాయి. ఆయన తలతిప్పి తమ్ముణ్ణి చూశాడు, ఏదో అనబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయాడు.

సంగతి వదిన బయటికి వచ్చి చెప్పింది. ఒళ్లు చిక్కిపోవడంతో చిగుళ్లూ తగ్గిపోయాయి, పళ్ల సెట్టు నోట్లో నిలవడం లేదు. మాట్లాడబోతే జారి కింద పడుతోంది. తీసేస్తే మాట అర్థం కావడం లేదు. అందుకని ఆయన మాట్లాడటమే మానేశాడు. పిల్లలు వచ్చినా గోడకేసి పడుకుంటున్నాడు.

"ఆ నోరు మూతపడటమే నేను చూడలేకపోతున్నాను బాబూ," అంది వదిన. "నువ్వు చేసిన సెట్టే కదా. డాక్టరేమో చెప్పుకోవలసినవి ఏమైనా ఉంటే తొందరగా చెప్పుకోమంటున్నాడు."

సెట్టు ఆమె చేత తెప్పించుకుని, లోపలివైపు మెత్తటి పూత వేసి పంపాడు. అది నోట్లో ఆగలేదు. మళ్లీ సరిచేసి పంపాడు. దవడకి గుచ్చుకుని నెత్తురొచ్చింది. నోరు చూడకుండా సెట్టు కుదరదు. పూత పచ్చిగా ఉన్నప్పుడే నోట్లో పెట్టి, దవడ పట్టుకుని, కొరకమని చెప్పి, ఎక్కడ ఒత్తుతోందో వేలితో తడిమి చూసుకోవాలి. అది వేరొకరు చేసే పని కాదు. లోకంలోని నోళ్లన్నిటినీ బల్ల మీద పెట్టుకుని చూసిన మనిషి, ఈ ఒక్క నోరూ మనిషితో సహా చూడాలి.

ఫ్యాక్టరీ ఆవరణకి వెళ్లి దూకడం మొదలుపెట్టాడు, అంటే గెంతడం. వెల్డింగమ్మాయి ఈసారి ఎగతాళి చెయ్యలేదు. ఖాళీలోకి చూడకు, చక్రం వాలాల్సిన చోటే చూడు అంది. చూశాడు. వేలు వదల్లేదు. మబ్బు కమ్మి చీకటిపడే దాకా అంచు మీద గెంతి, చట్రం మీద కూలబడ్డాడు. ఆమె చేతి తొడుగులు తీసి పక్కన పెట్టి కూర్చుంది. తన దగ్గర నేర్పడానికి ఇంకేమీ మిగల్లేదని, వేలు వదలడం మాత్రం ఎవరికీ నేర్పలేనని చెప్పింది. ఎగతాళి చేసినా బావుండేదనిపించింది అతనికి.

మర్నాడు మధ్యాహ్నం సైకిల్‌తో ఆసుపత్రికి వెళ్లాడు. జేబులో పూత డబ్బా, నూరే చిన్న రాయి. సైకిళ్లు లోపలికి తీసుకెళ్లకూడదని వాచ్‌మన్ ఆపాడు. అతను మంచం దాకా ఖాళీ ఉందని చెప్పాడు. వాచ్‌మన్ అర్థమైనట్టు చూసి, అలా ముందే చెప్పాలి కదండీ అని పక్కకి జరిగాడు. లిఫ్టులో ఒకాయన, సీటెవడో ఎత్తుకుపోయాడా అని జాలిపడ్డాడు.

గుమ్మంలో సైకిలెక్కాడు. వదిన కుర్చీలోంచి లేచి గోడకి ఆనుకుంది. ముందు చక్రం లేపి, వెనక చక్రం మీద నిలబడి, గెంతాడు. మళ్లీ గెంతాడు. కింద నల్లటి లోతు, అదే తడి సిమెంటు వాసన. నర్సు మందుల పళ్లెం పట్టుకుని వెనక ఆగింది. తొందరపెట్టలేదు. ఇంకొక్క గెంతు అనుకున్నాడు. ఇంకాసేపట్లో దిగిపోతానని అతనికి తెలుసు, వెనక ఉన్న నర్సుకీ తెలుసు.

అప్పుడు మంచం మీది మనిషి ఇటు తిరిగాడు. నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తీసేశాడు. పెదాలు కదిలాయి. పళ్లు లేని నోట్లోంచి గాలిలాంటి చప్పుడు వచ్చింది గానీ మాట తేలలేదు. ఆయన మళ్లీ అదే అన్నాడు. హారన్ అక్కర్లేని ఆ గొంతు గుమ్మం దాకా కూడా రాలేదు.

"ఏంటన్నయ్యా?" అన్నాడు తమ్ముడు, విందామని ముందుకి వంగుతూ.

వేలు ఎప్పుడు వదిలిందో అతనికి తెలియదు. చక్రం మంచం కోడు పక్కన వాలింది, సెలైన్ స్టాండు ఊగింది, వదిన పట్టుకుంది. అతను సైకిల్ని గోడకి ఆనించి, చేతులు కడుక్కుని, అన్నయ్య పక్కన కూర్చుని నోరు తెరవమన్నాడు. చూశాడు. దవడ తన అరచేతిలో పిట్టంత ఉంది. పూత వేశాడు, కొరకమన్నాడు, తీసి నూరాడు, మళ్లీ పెట్టాడు. కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక ముక్కు ఎగబీల్చుకుంటూ పని చేశాడు. సాయంత్రపు ఎండ కిటికీలోంచి మంచం మీదికి వచ్చేసరికి సెట్టు నిలిచింది.

ఆయన దవడ అటూ ఇటూ ఆడించి చూసుకున్నాడు.

"ఇందాకణ్ణించి బ్రేకు వదలరా వెధవా అని మొత్తుకుంటున్నాను," అన్నాడు స్పష్టంగా. "దాని కోసం పళ్లు పెట్టించుకోవలసి వచ్చింది."

వదిన కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, ఆ తర్వాత నవ్వుగా మిగల్లేదు అది. అన్నయ్య చాలాసేపు మాట్లాడాడు. పిల్లల్ని పిలిపించుకుని ఒక్కొక్కరినీ విడివిడిగా తిట్టాడు. ఆయాసం వస్తే ఆగి, మళ్లీ మొదలుపెట్టాడు. అందరూ వెళ్లాక, కిటికీ వైపు తిరిగాడు.

గుమ్మానికీ మంచానికీ మధ్య ఖాళీ ఎప్పుడో పూడిపోయింది. ఇప్పుడది మంచానికి అవతలి పక్కన ఉంది, కిటికీ దాకా. తమ్ముడు లేచి వెళ్లి, దాని మీద కాలు పెట్టి చూశాడు. అతని కాలికి గచ్చే తగిలింది.

"నీది కాదులే," అన్నాడు అన్నయ్య. "నాకు లోతు కనిపిస్తోంది."

తమ్ముడు వచ్చి కూర్చున్నాడు. దుప్పటి సర్దాడు.

"నువ్వెలా దూకావురా?"

"తెలీదన్నయ్యా. నువ్వేదో అన్నావు, వినబడలేదు. దగ్గరికొచ్చాను."

ఆయన ఆ జవాబుని సెట్టుని సరిచూసుకున్నట్టే నోట్లో అటూ ఇటూ తిప్పుకున్నాడు. కాసేపటికి, అవతల ఎవరన్నా మాట్లాడాలన్నమాట అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ కిటికీ వైపే చూస్తూ కూర్చున్నారు. అటునుంచి ఏమీ వినబడలేదు.

ఆ వారమంతా తమ్ముడు రోజూ పైకే వెళ్లాడు, నడిచే వెళ్లాడు. అన్నయ్య ఊపిరి పొట్టిపొట్టిగా, అంచు మీద గెంతినట్టు ఉండేది. డాక్టర్లు ఇవాళో రేపో అన్నా, ఆయన అలా గెంతుతూనే రోజులు లాగాడు. ఒడ్డున ఉండి చూడటం ఎలా ఉంటుందో గెంతులాయనకి అప్పుడు తెలిసింది.

ఒక మధ్యాహ్నం అతను గ్లాసులో నీళ్లు పోస్తున్నాడు. అన్నయ్య కళ్లు తెరిచి కిటికీ వైపు తిరిగాడు. కనుబొమలు ముడిపడ్డాయి, ఎవరో దూరం నుంచి లోగొంతుతో అంటున్నది పట్టుకోవడానికి చూస్తున్నవాడిలా. తల దిండు మీంచి కాస్త లేచింది.

"ఏంటమ్మా?" అన్నాడు, పళ్లన్నీ నిలిచి ఉండగా, ఒక్క అక్షరం జారకుండా. "వినబడట్లేదు."

తమ్ముడు గ్లాసు కింద పెట్టేసరికి మంచానికీ కిటికీకీ మధ్య ఉత్త గచ్చే ఉంది. దాని మీద ఎండ పడి ఉంది.