సీసాలో నిలవని వాయువు

ఆ ఉదయం నన్ను ప్రయోగశాలలో అడుగు పెట్టొద్దన్నారు. ప్రొఫెసర్ రోల్ఫ్స్ ఆ మాట ఎంత మర్యాదగా చెప్పారంటే, తిట్టినా బాగుండుననిపించింది.

జర్మనీలోని గీసెన్‌లో మా పని ఇది. ఎలుక పెద్దపేగు లోపలి పొరను రెండు చిన్న ఉప్పునీటి గదుల మధ్య బిగిస్తాం. పొరను దాటే అయాన్లను కరెంటుగా కొలుస్తాం. కుళ్ళిన కోడిగుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడును మన పేగు కూడా కొద్దికొద్దిగా తయారుచేసుకుంటుంది. ఆ వాయువునిచ్చే లవణాన్ని నీళ్ళలో కరిగించి పొర మీద వేస్తే క్లోరైడు ఇవతలికి పొంగుకొస్తుంది, తెర మీద గీత లేస్తుంది. నేను వేస్తే లేస్తుంది. నా పక్క బల్ల దగ్గర పనిచేసే టిల్‌మన్ వేస్తే లేవదు. నా డాక్టరేటంతా ఆ గీత మీదే ఆధారపడి ఉంది.

"నీ హస్తవాసి అలాంటిది స్వాంట్యె. మా చేతులకి ఆ భాగ్యం లేదు తల్లీ," అన్నాడు వాడు ముందురోజు.

"అంటే? గీత నేనే గీసుకున్నానంటావా?"

"నేనన్నానా? నువ్వే అంటున్నావ్."

దాంతో ప్రొఫెసర్ తేల్చేశారు. టిల్‌మన్ ఒక్కడే ఆఖరిసారి చేస్తాడు, నేను బయటుండాలి, నోరెత్తకూడదు. ఈసారీ గీత లేవకపోతే నా థీసిస్‌లోంచి ఆ అధ్యాయం తీసెయ్యాలి.

కాలుకాలిన పిల్లిలా నడవా అంతా తిరిగాను. ఆ తిరుగుడు చూడలేక ఎవరో నన్ను కాఫీ బల్ల దగ్గరికి లాక్కెళ్ళారు. మా దగ్గర పదింటి కాఫీ మానేవాళ్ళని రోగిష్టి మనుషుల్లా చూస్తారు. నేనెప్పుడూ వెళ్ళను. కూర్చుంటే నాకు ఒళ్ళంతా చీమలు పాకినట్టుంటుంది.

కాసేపటికి టిల్‌మన్ వచ్చి కూర్చున్నాడు. వాడి పుట్టినరోజు కాబట్టి కేకు తెచ్చింది వాడే, కొయ్యాల్సిందీ వాడే. ప్లమ్ పళ్ళ కేకు నింపాదిగా ముక్కలు చేస్తున్నాడు.

ఆగలేకపోయాను.

"లవణం కలిపేశావా?"

"ఎప్పుడో. వేడినీళ్ళ తొట్టిలో పెట్టి వచ్చా. చల్లగా వేస్తే పొర ఉలిక్కిపడుతుంది కదా."

"మూత పెట్టావా?"

"మూతెందుకు?"

బల్ల అవతల కూర్చున్న ప్రొఫెసర్ కప్పు కింద పెట్టారు. "స్వాంట్యె, మాట్లాడకూడదనుకున్నాం."

"ఒక్కసారి వెళ్ళి ఆ సీసా వాసన చూడమనండి. అంతే."

"కేకు తింటుంటేనా? ఛీ!" అంటూనే లేచాడు టిల్‌మన్. తిరిగొచ్చేసరికి వాడి ముఖంలో వెటకారం లేదు.

"కంపు లేదు. దాదాపు మామూలు నీళ్ళే."

"మనం ఇక్కడ కాఫీ తాగుతుంటే ఆ వాయువు అక్కడ గాల్లో కలిసిపోయింది," అన్నాను. "నేను కాఫీకి రాను. కలపగానే వేసేస్తాను. వేడెక్కేదాకా కూర్చునే ఓపిక నాకెక్కడిది?"

అందరూ ప్రొఫెసర్ వైపు చూశారు. ఆవిడ వేళ్ళతో బల్ల మీద కొట్టారు.

"పొర బతికే ఉందా?"

"ఉంది."

"అయితే కొత్తగా కలిపి వెంటనే వెయ్యి. స్వాంట్యె, నువ్వు ఇక్కడే కూర్చో."

కూర్చోవడమే అన్నిటికన్నా కష్టమైంది. కేకు ముక్కను చెంచాతో పొడిపొడి చేశాను. నా మోకాలి ఊపుకి బల్ల మీద కప్పులన్నీ గలగలలాడాయి. ఎవరూ ఆపమనలేదు.

"లేచింది!" నడవా అవతలినుంచి టిల్‌మన్ అరుపు. "ప్రొఫెసర్ గారూ, లేచింది! ఇంకా లేస్తోంది!"

ఏడుపొచ్చింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు. ప్రొఫెసర్ వెళ్ళి చూసొచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

"రేపు మీ ఇద్దరూ కాకుండా మూడో మనిషి చేత చేయిద్దాం. అది సరే, కలపగానే వేస్తానని ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చేస్తావని ఎవరూ అడగలేదండీ," అన్నాను. "నిజంగా చేశావా అనే అడిగారు."