మూడు షెడ్లకూ ఆ పదిమందే

రెండో షెడ్డులో పేరు చెప్పేటప్పుడు అశ్వినికి నవ్వాగలేదు. పొద్దున మొదటి షెడ్డులో "రచన" అంది. ఇక్కడ "పూజిత". హైదరాబాదు నుంచి వచ్చిన సారు ట్యాబ్‌లో ఎక్కించుకున్నాడు.

తాండూరులో మూతపడ్డ బండల పాలిష్ యూనిట్లు తెరవడానికి సర్కారు డబ్బిచ్చింది. ఎంతమందికి పని దొరికిందో చూడడానికి సారు వచ్చాడు. దొరికిందని రాస్తే రెండో విడత డబ్బు వస్తుంది. అందుకే మహేందర్ సేటు పదిమంది ఆడవాళ్లను ట్రాలీ ఆటోలో ఎక్కించి, సారు కారు కంటే ముందే తన మూడు షెడ్లకూ తిప్పుతున్నాడు. మొహాలు తెలియకుండా అందరికీ దుమ్ముకు కట్టుకునే స్కార్ఫులు.

"కూలికి కూలి, బిర్యానీకి బిర్యానీ. ఇంకేం గావాలె బిడ్డా?" అంది పక్కింటి మొగులమ్మ. అశ్వినికి పెళ్లయి నలభై రోజులు. ట్రాలీ కుదుపులకు కొత్త గాజులు గలగలమంటుంటే, ఆమెకు జాతరకు పోతున్నట్టే ఉంది.

మూడో షెడ్డు గేటు ముందు టెంటుంది. పని పోయినవాళ్లు ముప్పై మంది, షెడ్డు నిజంగా తెరవాలని పద్దెనిమిది రోజులుగా అక్కడే కూర్చున్నారు. వాళ్లలో ఆమె భర్త మల్లేశ్.

"గీడికని చెప్పలేదేందత్తా?" అంది అశ్విని మొగులమ్మతో.

"నాకు మాత్రం ఎర్కనా?"

అశ్విని స్కార్ఫు కళ్లదాకా లాక్కుంది. మల్లేశ్ గాజుల చేతిని చూశాడు. తల తిప్పుకున్నాడు. తిట్టినా బాగుండేది. పక్కనున్న పరశురాం మాత్రం ఊరుకోలేదు.

"మా జాగల నిలవడనీకి వచ్చిండ్రా అమ్మా? మస్తుగుంది. పోండ్రి, బిర్యానీ సల్లారుతది."

లోపల ఆమెను నిలబెట్టింది మల్లేశ్ ఆరేళ్లు నడిపిన మిషన్ దగ్గరే. గోడ మీద అతని పేరు ఇంకా ఉంది.

"పేరమ్మా?" అన్నాడు సారు.

ఆమె డిగ్రీ చదివింది. ఈ లెక్క ఏ కాగితమవుతుందో, ఆ కాగితంలో గేటు బయటివాళ్లు ఎలా మాయమవుతారో పదిమందిలో ఆమెకే బాగా తెలుసు. తెలిసే నవ్వింది పొద్దున్నుంచి.

స్కార్ఫు తీసేసింది. "అశ్విని, సార్. రచన, పూజిత రెండూ నేనే. ఈడ పనిచేసేటోళ్లు గేటు బయట ఉన్నరు."

"పిల్లకు ఎండ తగిలినట్టుంది సార్," అన్నాడు సేటు.

"నాక్కూడా తగిలింది సేటూ," మొగులమ్మ స్కార్ఫు విప్పింది. "సారూ, నన్ను మూడుమాట్ల లెక్కవెట్టినవ్. మూడూ కొట్టెయ్."

ఒక్కొక్కటే స్కార్ఫులన్నీ దిగాయి.

సారు ట్యాబ్ మూశాడు. "దీనికి ఫారంలో గడి లేదమ్మా. నేనేం చేయలేను."

"గట్లయితే గడి దొరికేదాంక నీ కారు ముంగట కూసుంటం," అంది మొగులమ్మ.

పదిమందీ వెళ్లి కూర్చున్నారు. టెంటు కింది ముప్పై మందీ లేచి వచ్చి వాళ్ల వెనక కూర్చున్నారు. సేటు ఫోన్ చేశాడు. కాసేపటికి పోలీసు జీపు వచ్చింది.

"లేవండి," అన్నాడు ఎస్సై, లాఠీ నేలకు తాటిస్తూ.

ఎవరూ లేవలేదు. మల్లేశ్ ఎక్కడున్నాడో అశ్వినికి తెలుసు. అటు చూసే మొహం లేదు. ఉన్నచోటు నుంచి జరిగి, అందరికంటే ముందుకొచ్చి, లాఠీకి ఎదురుగా కూర్చుంది.