కొయ్యముఖం మీద ముడతలు

పండగ ఆదివారం పొద్దున పదింటికి నాట్య బృందం మార్కెట్ వెనక రేకుల షెడ్డులో చేరింది. టమాటాలమ్మేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు, ఒక పంతులమ్మ. తలా గ్లాసు వేడి మొక్కజొన్న జావ తాగి, ముసలాళ్ల నాట్యానికి వేషాలు కడుతున్నారు. రంగు రిబ్బన్ల టోపీ, చేతికర్ర, చెక్క చెప్పులు, గులాబీరంగు కొయ్యముఖం. నడుం వంచి, దగ్గుతూ, చెప్పులు టకటకలాడిస్తూ ఆడాలి.

ఆ కొయ్యముఖాలు ఎవరు పెట్టుకుంటే వాళ్లకి ముసలితనంలో రాబోయే ముఖంగా మారిపోతాయి. పంతులమ్మకి గడ్డం కింద మూడు మడతలు వేలాడేవి. బృందంలో కుర్రాడు ఎవోదియోకి తెల్లగడ్డం, ముందుపళ్లు లేని నవ్వు.

"ఆ నవ్వు చూసి పిల్లలు జడుసుకుంటార్రా," అని బృందాన్ని నడిపే డెల్ఫీనా ఏడిపించేది.

"నీకా బాధే లేదు పిన్నీ. పెట్టుకున్నా తీసినా ఒకటే," అనేవాడతను.

ఆ రోజు ఎవోదియో కొయ్యముఖం తగిలించుకుని ఇటు తిరిగాడు. మూలన వాయిస్తున్న వయొలిన్ ఆగిపోయింది.

"ఏమైంది?"

డెల్ఫీనా అద్దం తెచ్చి ఎదురుగా పట్టింది. అందులో ఉన్నది ముసలి ముఖం కాదు, ఇరవై ఎనిమిదేళ్ల అతని ముఖమే. పొద్దున గడ్డం గీసుకుంటూ కోసుకున్న గాటు కూడా ఇంకా పచ్చిగా ఉంది.

"ఇవాళ ఏం చెయ్యబోతున్నావురా?" అంది డెల్ఫీనా.

"మా మామ పడవ నడుపుతానన్నా. పన్నెండింటికి, దీవికి. నలభై మందిని ఎక్కిస్తున్నాడు."

"వెళ్లనని చెప్పు. ఇప్పుడే!"

"వెళ్లను," అన్నాడు ఎవోదియో. అద్దంలో దవడ మీద తెల్లగడ్డం మొలిచింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అతను మాత్రం కొయ్యముఖం ఊడదీసి చేత్తో పట్టుకుని, ఉన్నపళంగా సరస్సు రేవుకి పరిగెత్తాడు.

పడవ సగం నిండింది. వరుసలో ఉన్న కొత్త పెళ్లికూతురొకతె, "ఒక్క ఫోటో దిగుతానన్నా," అంటూ కొయ్యముఖం లాక్కుని పెట్టుకుంది. అది ఆమె ముఖంలాగే నున్నగా ఉండిపోయింది. మొగుడు పెట్టుకున్నాడు. అదే నునుపు. తర్వాత చంకలో పిల్లతో ఉన్న ఒక తల్లి చెయ్యి చాచింది. ఎవోదియో ఇవ్వలేకపోయాడు.

"దిగండి! అందరూ దిగిపోండి!"

ఊరివాళ్లు అతని చేతిలోది చూశారు. వెంటనే కోళ్లగంపలతో సహా దిగారు. వాళ్లని చూసి పొరుగూరివాళ్లూ దిగారు.

అతనికి పిల్లనిచ్చిన మామ ఫుల్హెన్సియో మండిపడ్డాడు. "పండగపూట నా నోట్లో మట్టి కొట్టావు కదరా!"

"పడవ కట్టెయ్ మామా. నీ కాళ్లు పట్టుకుంటా."

"నలభై మందితో మునుగుతుందేమో గానీ, ఒక్కణ్ణి నాకేమవుద్ది? అవతలి గట్టున జనం ఎదురుచూస్తున్నారు." మోటారు తాడు లాగాడు.

ఎవోదియోకి ఆ మాట సబబుగానే తోచింది. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

పావుగంటకి కొండ వెనకనుంచి గాలి విరుచుకుపడింది. రేవులో నిలబడ్డ జనం చూస్తుండగానే సరస్సు నడుమ పడవ బోర్లాపడింది. ఒక్క కేక కూడా గట్టుకి చేరలేదు. కొత్త పెళ్లికూతురు చతికిలపడి మొగుడి కాలు గట్టిగా పట్టుకుంది.

ఆ రోజు నాట్యం లేదు. మూడింటికి వలలవాళ్లు ఫుల్హెన్సియో శవాన్ని తుంగలోంచి తీసుకొచ్చారు.

ఎవోదియో ఇంటికెళ్లి భార్య ఒరాలియా ముందు కూలబడ్డాడు.

"కొయ్యముఖం నా చేతిలోనే ఉంది. మీ నాన్న బారెడు దూరంలో ఉన్నాడు. ఒక్కసారి ఆయన ముఖానికి పెట్టి చూడాలని నాకెందుకు తోచలేదే?"

ఒరాలియా ఏడవలేదు. అతని చేతిలోంచి దాన్ని తీసుకుని తన ముఖానికి ఆనించుకుంది.

"ఎలా ఉన్నాను?"

చాలాసేపు చూశాడు.

"ముసలిదానివయ్యావు," అన్నాడు. "అచ్చం మీ నాన్నే."