నూరని పొడి

ల్యాబులో వాడే ద్రావకానికి కుళ్ళిన చేపల వాసన. నారాయణగూడ కాలేజీలో నాలుగేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తున్న తన్మయికి ఆ వాసన చున్నీకి, జుట్టుకి, చివరికి అశోక్‌నగర్ హాస్టల్లో తినే పప్పన్నానికి కూడా పట్టింది. గ్రూప్స్‌కి చదివే రూమ్మేట్ ముక్కు మూసుకుని, "ఏంది తన్మయీ, చేపలు అమ్ముతున్నవా?" అనేది. ఇన్నాళ్ళూ తన్మయి నవ్వి ఊరుకుంది. ఈ వారం మాత్రం ఆ కంపు తన ఒంటిదో, తను చేసిన పనిదో తేల్చుకోలేకపోతోంది.

పని ఇదీ. లోహాన్నీ, కర్బన కమ్మీలనూ జాలీలాగా పేర్చి కట్టిన పొడి అది. గ్యాసు ఒత్తిడి పెంచుతూ పోతే ఒకచోట దాని రంధ్రాలన్నీ తలుపులు తీసినట్టు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. జింకుతో కట్టింది త్వరగా తెరుచుకుంటుంది, కోబాల్టుతో కట్టింది మొండికేసి ఆలస్యం చేస్తుంది. రెంటినీ ఒకే జాలీలో కలిపితే, కలిపిన పాళ్ళను బట్టి మధ్యలో ఎక్కడ కావాలంటే అక్కడ తెరిపించొచ్చు. గైడ్ కిషన్ రావు సారు పేరంతా ఆ మాట మీదే నిలబడింది. ఆయన గ్రాఫులో చుక్కలన్నీ స్కేలు పెట్టి గీసినట్టు ఒకే గీత మీద కూర్చుంటాయి. తన్మయి థీసిస్ ఆ గీతకు కొనసాగింపు.

ఆ ల్యాబుకొక ఆచారం ఉంది. పొడి ఆరగానే కల్వంలో వేసి మెత్తగా నూరాలి, ఆ తర్వాతే గ్యాసు ఒత్తిడి పెంచి కొలిచే మెషీన్‌లో పెట్టాలి. సీనియర్ సుహాసిని అలా నేర్పింది, ఎందుకని ఎవరూ అడగలేదు. అమ్మ పోపు వేసే పద్ధతిని ఎవరు అడుగుతారు? మొన్న ఆ కల్వం కిందపడి పగిలింది. కొత్తది వచ్చేదాకా ఊరికే కూర్చోలేక తన్మయి నూరని పొడిని మైక్రోస్కోపు కింద పెట్టింది.

కంటికి అది లేత ఊదారంగు పొడి, అంతే. మైక్రోస్కోపులో మాత్రం తెల్ల పలుకులు వేరే, ముదురు ఊదా పలుకులు వేరే. బియ్యంలో పెసలు పోసినట్టు పక్కపక్కన పడి ఉన్నాయి తప్ప ఒకదానిలో ఒకటి కలవనే లేదు. మెషీన్‌లో పెడితే గ్రాఫులో నడుమ ఒక్క మెట్టు రావలసిన చోట రెండు మెట్లు వచ్చాయి, ముందు జింకుది, తర్వాత కోబాల్టుది. నూరితే పలుకులు చితికి ఆ రెండు మెట్లూ అరిగిపోయి ఒక ఏటవాలు అవుతుంది. ఆ వాలుకు నడిమధ్యన చుక్క పెట్టి ఇన్నేళ్ళూ "కలిసింది" అన్నారు! పాత పాళ్ళతో మళ్ళీ చేసి చూసింది. అన్నీ అంతే.

ఆ సాయంత్రమే చిక్కడపల్లిలో సుహాసిని ఇంటికి పోయింది. సుహాసిని ఇప్పుడు లెక్చరర్. చాపేసుకుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"అక్కా, నూరకపోతే రెండు రంగులు కనవడుతున్నయి."

"తెల్సు," అంది సుహాసిని, ఈనె తీయడం ఆపకుండానే. "అందుకే నూరమన్న."

"మరి సార్‌కు?"

"పాపం, ఆయనకు తెల్వదు. రిటైర్మెంట్ ముందర పరేషాన్ చెయ్యకు. నీ డిగ్రీ అయితది, ఆయన ఇజ్జత్ ఉంటది. జర చాయ్ తాగి పో."

మసిపూసి మారేడుకాయ చేసి, అదంతా అందరి మంచికే అన్నట్టు ఎంత నింపాదిగా చెబుతోంది! ఈమె వెనకే కదా ఇన్నేళ్ళు అక్కా అక్కా అంటూ తిరిగింది. చాయ్ మీద కట్టిన మీగడ చూసినా రోత పుట్టింది. ముట్టకుండా లేచి వచ్చేసింది.

మర్నాడు సారును మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టింది. ఆయన చూశాడు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. పెద్దాయన గుండె ఆగుతుందేమోనని తన్మయి పక్కనే నిలబడింది.

"ఏమ్మా, నూరలేదా?" అన్నాడు.

ఇదేందని అడగలేదు. రెండు రంగులెందుకని అడగలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మొదటి మాటే అది.

"కల్వం పగిలింది సార్."

"కొత్తది తెప్పిస్తం. సోమవారం సెమినార్, అది అయితేనే నువ్వు థీసిస్ సబ్మిట్ చేసుడు. గివన్నీ మనసుకు తీసుకోకు," అంటూ భుజం తట్టాడు. మీద బల్లి పడ్డట్టు ఆమెకు ఒళ్ళు జలదరించింది.

మరి తన సంగతో? రెండు పేపర్ల కింద తన పేరుంది. అదంతా తెలియక చేసింది, సరే. ఆదివారం గ్రాఫులో ఆఖరి చుక్క కోసం కొత్త కల్వంలో పొడిని నూరింది మాత్రం తెలిసి. తెలుపూ ఊదా కలిసి ముచ్చటైన లేత రంగు వచ్చింది. ఆ ముచ్చటకే అసహ్యమేసి కల్వాన్ని దూరంగా నెట్టింది.

సోమవారం హాలు నిండింది. సుహాసిని ముందు వరసలో కూర్చుని నవ్వింది. తెర మీద చుక్కలన్నీ గీత మీదే ఉన్నాయి. వేరే ఊరి నుంచి పరీక్షకుడిగా వచ్చిన శ్రీశైలం గారు బాగుందని మెచ్చుకుని, ఏదో ఒకటి అడగాలి కాబట్టి, "పొడి ఎట్ల తయారు చేసిన్రమ్మా?" అన్నారు.

"మామూలే సార్," అన్నాడు కిషన్ రావు తన కుర్చీలోంచే. "కడిగి, ఆరబెట్టి..."

"నూరినం సార్," అంది తన్మయి. "నూరకపోతే రెండు రంగులు కనిపిస్తయి. లోహాలు అసలు కలవనే లేదు."

కిషన్ రావు లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. శ్రీశైలం గారు తెర వైపు చూశారు. "మరి ఈ గీత ఏందమ్మా?"

"అబద్ధం సార్. ఆ ఆఖరి చుక్క నాది. నిన్న నేనే నూరిన, తెలిసే నూరిన."